పున్నమ్మ నీడ, జారిన లైనరు

దగ్గరికి రండమ్మా. ఆ గుమ్మంలో నిలబడ్డ బాబూ, నువ్వూ వచ్చి కూర్చో. ఫ్యాను గాలి అందరికీ అందదు గానీ కథ అందుతుంది. అమ్మవారిని ఒక్కసారి మనసులో తలుచుకోండి. ఆ, ఇక వినండి.

హుగ్లీ ఒడ్డున గార్డెన్ రీచ్‌లో, ఓడల డాకు గోడ వెనక మన శ్రీకాకుళం వాళ్ళ సందు ఒకటుంది. వేసవిలో అక్కడ పొద్దు పొడిచేదే కుళాయి దగ్గర బిందెల గోలతో. తరవాత మెటియాబ్రుజ్ వైపు నుంచి కుట్టుమిషన్ల రొద. ఆపైన పున్నమ్మ కోసం పిలుపులు. పున్నమ్మ నీడ చల్లన. చేపలమ్మే బెంగాలీ ఆవిడ పిన్నిని పిలిచినట్టు "మాషిమా, ఒక్కరవ్వ ఇలా నిలబడవా" అంటూ తన తట్టను ఆ నీడలోకి జరిపేది. జ్వరమొచ్చిన పిల్లల్ని తల్లులు అందులో పడుకోబెట్టేవారు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేలా ఉంటే కరెంటువాళ్ళు కూడా ఆమెకే కబురంపేవారు. నీడ పడాలంటే మనిషి ఎండలో నిలబడాలి కదమ్మా! పొద్దుగూకేదాకా ఆ ముసలి ప్రాణం నిలబడేది. సాయంత్రం కూతురు సత్యవేణి వాచిన కాళ్ళకు నూనె రాస్తుంటే "అలిసిపోనానే" అనేది. తెల్లారితే మళ్ళీ ఎండలోనే.

సత్యవేణి మొగుడు అప్పలసూరి. పున్నమ్మ తన తమ్ముడి కొడుకునే అల్లుడిగా చేసుకుంది. అతనికో పాత విలాయతీ జీపు ఉండేది. ఎనిమిది సిలిండర్లది, ఎంత బురదైనా ఏనుగులా దాటేసేది. హౌరా అవతల, ఉలుబేరియా దగ్గర నది ఒడ్డున ఉన్న ఇటుక బట్టీలకు బియ్యం, కూరలు, మంచినీళ్ళ క్యాన్లు చేరవేయడం అతని పని. లారీలు దిగబడిపోయే దారి అది.

ఆ ఏడు అమ్మవారి పండగ వచ్చింది. మనవాళ్ళు మురాటలు మోస్తారు కదా, కుండల్లో పసుపునీళ్ళు, వేపమండలు, అమ్మకి చల్లదనం చెయ్యడానికి. సరిగ్గా అప్పుడే అప్పలసూరి బట్టీ నుంచి వచ్చాడు. జీపు బుసలు కొడుతోంది. 'అమ్మకి చల్లదనం చేసినోళ్ళం, అన్నం పెట్టే బండికి చెయ్యొద్దా' అనుకున్నాడు పిచ్చి భక్తుడు. మిగిలిన మురాట కుండ ఎత్తి, మరుగుతున్న ఇంజను మీదా, రేడియేటర్లోనూ గుమ్మరించేశాడు. లోపలెక్కడో టిక్కుమంది.

మర్నాటి నుంచి ఇంజను చల్లగా ఉన్నంతసేపు కిమ్మనేది కాదు. వేడెక్కిందా, టక్, టక్, టక్. మెకానిక్కు ఉమామహేశ్ చెవి ఒగ్గి విని తల ఆడించాడు.

"లైనరు జారిపోనాది సూరన్నా."

"ఏటి జారిపోనాది?"

"సిలిండర్లో పిస్టన్ ఆడడానికి ఇనప గొట్టం దిగేసి ఉంటాది, అదే లైనరు. దాని చుట్టూ ఉన్న దిమ్మ అల్యూమినియం. వేడికి దిమ్మ ఎక్కువ సాగి, గొట్టం పట్టు వదిలేస్తాది. ఇన్నాళ్ళూ ఎలగో ఓర్సుకున్నాది. నువ్వు చన్నీళ్ళు పోసి దిమ్మకి పగులు తెచ్చినావు. ఇప్పుడు పిస్టనుతో పాటు గొట్టం కూడా ఎగిరెగిరి పడతన్నాది. ఇంజను దించి, పైన అంచున్న లైనర్లు ఏయించాల. అంచు ఆపుతాది, మరి జారదు. హౌరాలో లేతు పని. నెల పడతాది."

"నెలా? ఈలోగా బట్టీవోళ్ళు ఇంకో బండి పెట్టీసుకుంటారు!"

"అయితే వేడెక్కనీకు. మండుటెండలో!" అని ఉమామహేశ్ పగలబడి నవ్వాడు.

అప్పలసూరి నవ్వలేదు. అత్తను తలుచుకున్నాడు.

తెల్లారేసరికి పున్నమ్మ జీపు టాపు మీద, క్యాన్ల మధ్య కూర్చుని ఉంది. పొద్దున్న పడమటికి ప్రయాణం, సూర్యుడు వెనక, ఆమె నీడ తిన్నగా బానెట్ మీద. సాయంత్రం తూర్పుకి తిరుగు ప్రయాణం, మళ్ళీ సూర్యుడు వెనకే. ఇంజను మాటెత్తలేదు. రెండో హుగ్లీ వంతెన మీద ట్రాఫిక్ పోలీసు "మాషిమా, గట్టిగా పట్టుకోండి" అన్నాడంతే.

"బండికి రేడియేటరు దొరకనేదేటి బావా, మా యమ్మే దొరికిందా?" అని దెప్పింది సత్యవేణి.

"వానలు పడేదాకానే."

రోజూ ఇదే తంతు. పున్నమ్మ నీడ ఉతికి ఉతికి వెలిసిపోయిన చీరలా పల్చబడింది. సత్యవేణి భయపడింది. "నీడ అయిపోతే మడిసి మిగల్దు బావా. ఆపీ." అతను విన్నాడు. వింటూనే టైర్లలో గాలి చూసుకున్నాడు.

ఓ మిట్టమధ్యాహ్నం బట్టీలో సరుకు దించుతుంటే, పడమట చివరున్న బట్టీలో తాగునీళ్ళు అయిపోయాయని కబురొచ్చింది.

"నీడ కాళ్ళకిందకి వొచ్చీసింది రా సూరీ. పొద్దు వాలనీ."

"దగ్గరే అత్తా. ఈ ఏటి కట్ట దాటీడమే."

కట్ట సగం కూడా దాటలేదు. టక్, టక్, టక్. పైనుంచి పున్నమ్మ విన్నది. నీడను సాగదీద్దామని ముందుకు వంగింది. అందలేదు. ఇంకాస్త వంగింది. బానెట్ మీదికి జారి, అక్కణ్ణుంచి జీపు ముందు మట్టిలో పడింది. బండి నత్తలా పోతోంది గనక ఆగింది.

అప్పలసూరి దూకాడు. కట్ట మీద చెట్టన్నది లేదు. జీపు కిందికి చేరుద్దామంటే మరుగునీళ్ళు కారుతున్నాయి, లోపల పడుకోబెడదామంటే రేకు కొలిమిలా ఉంది. క్యాను విప్పి నోరు తడిపాడు. ఆమె కింద ఉన్నది నీడో, చెమట మరకో తెలియడం లేదు.

"సూరీ, నా మీద ఎండ తియ్యరా" అంది.

అందరూ అడిగితే నిలబడ్డ మనిషి, తను ఒకర్ని అడగడం అదే మొదలు.

నడినెత్తిన సూర్యుడుంటే నిలబడ్డవాడి నీడ ఎంతని! అందుకని అతను మోకాళ్ళూ అరచేతులూ నేలకానించి, దూడ మీద ఆవులా ఆమె మీదుగా వంగాడు. అత్తను అల్లుడు తాకరాదంటారు. అతని నీడే తాకింది. కాలిన ఇటుకపొడికి అరచేతులు బొబ్బలెక్కాయి. వీపు మండింది, నడుం పీకింది. 'తల్లీ, తల్లీ' అనుకుంటూ కదలకుండా ఉన్నాడు. ఈ ముసిల్ది ఇన్నేళ్ళుగా ఏం మోసిందో అప్పుడు తెలిసిందమ్మా అతనికి. ఇటుకలు మోసే ఆడవాళ్ళు చూసి, నెత్తిన బరువు దించకుండానే వచ్చి చుట్టూ నిలబడ్డారు.

పొద్దు వాలింది. అప్పలసూరి లేచి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాడు. అతని నీడ పున్నమ్మను దాటి, పడమటికే ముఖం పెట్టిన జీపు బానెట్ దాకా సాగింది. బానెట్ చిటచిటమంటూ చల్లారింది.

పున్నమ్మ కళ్ళు తెరిచింది. "సల్లగున్నాది రా" అంది.

జీపు హౌరా చేరి, అంచున్న లైనర్లు వేయించుకుంది. బట్టీవాళ్ళు ఆ సీజనుకి ఇంకో బండి పెట్టుకున్నారు, మరుసటేడు మళ్ళీ పిలిచారు. ఇప్పుడు దాన్ని నడిపేది సత్యవేణి. అప్పలసూరికి తీరికేదీ? పొద్దున్నే సందులో అన్నా అన్నట్టుగా "సూరీదా, ఒక్కరవ్వ ఇలా నిలబడవా" అని పిలుపులు. పున్నమ్మ నీడ అందరి నీడల్లాగే వెచ్చగా, నల్లగా ఉంది. ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని గదమాయిస్తుంది: "ఓలమ్మా, సాలు! ఆడు అలిసిపోనాడు, కూకోనివ్వండి." అని, లేచి వెళ్ళి అతని మీద గొడుగు పడుతుంది.

అంతే తల్లీ. ఇంటికెళ్ళేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: మీకు నీడ ఇచ్చేవాళ్ళు ఎండలోనే నిలబడి ఉంటారు. రేపు వాళ్ళకీ ఎండకీ మధ్య కాసేపు మీరు నిలబడండి. ఎల్లుండి కూడా నిలబడండి.