అత్తయ్యగారి షికారు

పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు భీమిలి రోడ్డు మీద పోతోంది, రోడ్డు రోడ్డులాగే ఉంది గానీ తారు బదులు నీళ్ళున్నాయి, నీళ్ళయినా టైర్లు తడవడం లేదు, స్టీరింగు పైడిశెట్టి చేతిలోనే ఉంది, పక్కన ఎడమ సీట్లో అతని అత్తగారు హైమవతమ్మ కాళ్ళు ముడుచుకుని, బుగ్గన యాలక్కాయ పెట్టుకుని, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చుని ఉంది. ఆవిడ పోయి రెండు వానాకాలాలు గడిచాయని పైడిశెట్టికి తెలుసు. తెలిసినా, పోయినావిడ కార్లోకి ఎలా వచ్చిందన్న అనుమానం రావడం లేదు. సీటు బెల్టు పెట్టుకోలేదేమిటా అన్నదే అతని బెంగ.

"బెల్టు పెట్టుకోండి అత్తయ్యగారూ."

"ఇప్పుడు నాకేమవుతుందని పెట్టుకోమంటారు అల్లుడుగారూ?"

"మీకేం కాదు. పోలీసులు పట్టుకుంటే జరిమానా నాకు పడుతుంది."

"అలా చెప్పండి," అని ఆవిడ నవ్వి బెల్టు లాక్కుంటుంది. అది వీణ తీగలా సన్నగా సాగి, ఎక్కడో టంగుమని మోగి ఆగుతుంది.

"ఇదేం బండి బాబూ, నేల మీద చాపేసుకుని కూర్చున్నట్టుంది. వెనక సీట్లేవీ?"

"ఉండవండి. రెండే సీట్లు."

"అంత పోసి అర కారు కొన్నారా ఎవరో?"

"పళ్ళ డాక్టరు యామినిగారు. ఆవిడకి పరుగు ఇష్టం."

"పళ్ళు పీకించుకునేవాళ్ళు పరిగెడతారు గానీ, పీకే ఆవిడకి పరుగెందుకు?" అంటుంది హైమవతమ్మ. పైడిశెట్టికి నవ్వొస్తుంది, నవ్వితే అద్దం మీద ఆవిరి పడుతుంది, ఆవిరి చెరిపేసరికి ఎదురుగా సముద్రం లేదు, విశాఖపట్నంలో అతని దుకాణం షట్టరు ఉంది, కారు ఆగకుండానే దాని కిందనుంచి దూరి లోపలికి పోతుంది, రెండు పక్కలా సీటు కవర్లు, రబ్బరు మ్యాట్లు, హారన్లు వేలాడుతూ చెట్ల కొమ్మల్లా అద్దానికి తగిలి జారిపోతున్నాయి.

ఏ వస్తువు చూసినా ఎంతకొచ్చింది, ఎంతకు పోతుంది, మధ్యన మిగిలేదేమిటని బేరీజు వేసే బుర్ర పైడిశెట్టిది. కలలో కూడా అది ఊరుకోవడం లేదు. దుకాణంలో సీటు కవర్ల మీద మిగిలేది బియ్యానికీ బట్టకీ సరిపోతుంది, మనిషికి నలుగురిలో పేరు తెచ్చింది మాత్రం వెనకనున్న సౌండు గది. కంపెనీ వాళ్ళు కారుతో ఇచ్చిన స్టీరియో నచ్చనివాళ్ళు శ్రీకాకుళం నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు, స్పీకర్లు మార్చి యాంప్లిఫయరు పెట్టి ఇస్తే తృప్తిగా వెళ్ళి ఇంకో ఇద్దరిని పంపేవారు. ఈమధ్య పంపడం లేదు. తీసుకెళ్ళిన బండిని వాళ్ళే వెనక్కి తెస్తున్నారు. ఈ పసుపు కారు రెండోసారి వచ్చింది. సాయంత్రం యామిని వస్తుంది, బాగుంటే సరే, లేకపోతే పెట్టినవన్నీ ఊడదీసి పాత కంపెనీ సెట్టే బిగించెయ్యమంది. ఆ తరవాత టైర్ల గవర్రాజు వస్తాడు. సౌండు గది అతనికి గోడౌనుగా ఇచ్చేస్తానని పైడిశెట్టి నోరు జారాడు, తాళంచెవి ఇవ్వడమే మిగిలింది.

"కొత్త స్పీకర్లు మంచివే పెట్టానండి," అంటాడు అత్తగారితో, అడగకుండానే. "తలుపుల్లో రెండు, మీ సీటు కింద యాంప్లిఫయరు, మన వీపుల వెనక బేస్ కోసం పెద్ద పెట్టె. వేటిలోనూ కక్కుర్తి పడలేదు. దుకాణంలో నిలబెట్టి వింటే అమృతంలా ఉందంటుంది ఆ డాక్టరమ్మ, రోడ్డెక్కితే మింగుడు పడటం లేదంటుంది."

హైమవతమ్మ వెనక్కి తిరిగి పెట్టెను వేలి కణుపుతో కొడుతుంది. "ఏం కర్ర? పనసేనా?"

"ప్లైవుడ్డండి."

"అయ్యో రాత," అంటుంది ఆవిడ. ఆ మాటతో కారు లోపలంతా విజయనగరంలో ఆవిడ వీణ చెప్పిన గది అయిపోతుంది, గచ్చు చల్లగా ఉంది, గోడవారగా వీణలు పడుకుని ఉన్నాయి, డాష్‌బోర్డు మీద మైనంలో పొదిగిన ఇత్తడి మెట్లు వరసగా మెరుస్తున్నాయి, ఎక్కడో ఆడపిల్లలు సరళీ వరసలు వల్లిస్తున్నారు, అయినా స్పీడోమీటరు ముల్లు తిరుగుతూనే ఉంది.

"పాట పెట్టండి."

పెడతాడు. పాడే గొంతు తడిగుడ్డ కప్పుకుని పాడుతున్నట్టుంది.

"ఇంజను ఆపండి."

ఆపుతాడు. బండి మాత్రం పోతూనే ఉంది. గొంతు తేటపడుతుంది, గుక్క తిప్పుకోవడం కూడా వినిపిస్తుంది.

"ఇప్పుడు పెట్టండి."

ఇంజను అందుకోగానే నేల కిందనుంచి గురగురమని లావుపాటి మోత లేచి, బేస్ పెట్టె మోతతో కలియబడి, రెండూ కలిసి మధ్యలో గొంతును నలిపేస్తాయి. ముందు రోడ్డు మీద నీళ్ళు అడ్డదిడ్డంగా ఎగిరిపడుతున్నాయి.

"ఇంజను మోత ఎక్కువని బేస్ ఇంకాస్త పెంచానండి. దాన్ని దాటాలి కదా."

"తంబురా మోగుతుంటే దాన్ని దాటుదామని దరువు వాయించేవాణ్ణి ఎక్కడైనా చూశారా?"

"లేదండి."

"మరి మీరు చేసిందేమిటి? అది చప్పుడు కాదు అల్లుడుగారూ, శ్రుతి. ఆ డాక్టరు పిల్ల ఈ బండి కొన్నదే ఇంజను గొంతు చూసి. దాన్ని అణగదొక్కి పాట వినిపిస్తానంటే ఒప్పుకుంటుందా? ఇంజను పలికే చోట మీరు తప్పుకోండి. తగ్గించండి. ఇంకా. ఊఁ, చాలు."

స్టీరింగు కింద బేస్ తిప్పే బుడిపె ఉంది, ఆవిడ అన్నట్టల్లా పైడిశెట్టి దాన్ని తిప్పుతున్నాడు, తిప్పుతుంటే రోడ్డు మీద ఎగిరిపడే నీళ్ళు సద్దుమణిగి, ఒకదాని లోపల ఒకటిగా సన్నని వలయాలు ఏర్పడి నిలిచిపోతాయి, వాటి మీద గొంతు నిటారుగా నిలబడుతుంది. ఇంజను ఉంది, పాటా ఉంది, ఒకదాన్నొకటి ఒరుసుకోవడం లేదు. అతని వేళ్ళకి ఈ తిప్పడం కొత్తగా లేదు. "తగ్గించండి, ఇంకా, చాలు" అన్నదీ కొత్త కాదు.

ఆవిడ బతికుండగా ప్రతి బండికీ ఇదే. పని పూర్తయ్యాక, సొంతదారుకి అప్పగించే ముందు, ఎడమ సీటెక్కి "ఓ సారి సముద్రం దాకా తిప్పండి బాబూ" అనేది ఆవిడ. ఆ షికార్లని పైడిశెట్టి అప్పట్లోనే బేరీజు వేసుకున్నాడు: అత్తగారు కులాసాగా ఉంటే భార్య ఇందుమతి కులాసాగా ఉంటుంది, ఇందుమతి కులాసాగా ఉంటే తనకి వేళకి అన్నం పడుతుంది, ఆ మాత్రం పెట్రోలు ఖర్చు గిట్టుబాటే. ఆవిడ పోయాక తిప్పాల్సిన పని లేకపోయింది. బళ్ళని దుకాణంలోనే నిలబెట్టి విని, అప్పగించేస్తున్నాడు. పెట్రోలు కలిసొచ్చిందని కూడా అనుకున్నాడు.

"అత్తయ్యగారూ, ఆ షికార్లన్నీ..." అంటాడు. "తగ్గించమంటే చెవులు నొప్పేమో అనుకునేవాణ్ణి. పనికొస్తుందని ఒక్క మాటైనా చెప్పలేదేమండి?"

"చెబితే ఊరుకుంటారా? జీతం ఎంత తీసుకుంటారని బేరం మొదలెట్టేవారు."

"అయితే షికారు అబద్ధమేనా?"

"ఎందుకు అబద్ధం? నిజమే. ఉత్త పనయితే నేనెందుకొస్తాను?" ఆవిడ యాలక్కాయ ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చుకుంటుంది. "వేళ్ళు వంగక వీణ కట్టిపెట్టి కూతురి పంచన చేరినదాన్ని. తిన్నారా, మందేసుకున్నారా అని అందరూ అడిగేవారు. మీరొక్కరే, బండి తిప్పుకొచ్చాక, ఎలా ఉందండీ అని అడిగి, నేను చెప్పేదాకా తలుపు తీసేవారు కాదు. ఆ అడగడం కోసమే వచ్చేదాన్ని."

బయట సముద్రం మళ్ళీ వచ్చింది, ఈసారి ఆవిడ కిటికీకి ఇంకా దగ్గరగా. పైడిశెట్టికి ఒకటి గుర్తొస్తుంది.

"ఆఖరున తెల్ల కారొకటి ఉండిపోయింది. ఒంట్లో బాగోలేదు, రేపు వెళ్దామన్నారు మీరు."

"అన్నాను. ఇదే ఆ రేపు. తోలండి."

తోలుతాడు. కాసేపు ఇద్దరూ పాట వింటారు.

"గది గవర్రాజుకి ఇచ్చేస్తున్నానండి," అంటాడు చివరికి.

"ఎడమ సీటు ఖాళీ అయిందని దుకాణం కట్టేస్తారా? ఎవర్నైనా కూర్చోబెట్టుకోండి."

"అంత చెవి ఎవరికుందండీ?"

"బాగుంది! బడికి వెళ్ళకముందే నా ఒళ్ళో కూర్చుని శ్రుతి పట్టిన పిల్లని మీకిచ్చి చేశాను. దాన్ని తీసుకెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టారు. అది పారిపోయిందా, తుప్పు పట్టిందా? ఒక్కసారి అడిగి చూడండి."

పైడిశెట్టికి ఏదో చెప్పాలని ఉంది. బతుకంతా తను చేసిన బేరాలు వరసగా కళ్ళ ముందు నడుస్తున్నాయి, అన్నిటికన్నా కలిసొచ్చినవి ఆ షికార్లే, తను ఉత్త పెట్రోలు ఖర్చు కింద జమకట్టుకున్నవి. ఆ మాట అత్తగారితో ఎలా అనాలో తెలియదు, ఒకరికొకరు అలాంటివి చెప్పుకునే అలవాటు వాళ్ళ ఇంట్లో లేదు. అందుకని రెండు చేతులూ ఎత్తి ఆవిడకి దండం పెడతాడు.

"చేతులు స్టీరింగు మీద పెట్టండి నాయనా!" అని హైమవతమ్మ కేకేస్తుంది.

పైడిశెట్టికి మెలకువ వచ్చేసరికి రెండు చేతులూ గుండెల మీద జోడించి ఉన్నాయి. దుకాణం ముందు రేకుల పంచలో, మధ్యాహ్నపు ఎండ పక్కనే పడుతుండగా, పసుపు కారు ఉన్నచోటే ఉంది. పాట వస్తోంది. ఇంజను ఆపకుండానే కునుకు తీశాడు. ఎడమ తలుపు తీసి ఇందుమతి నిలబడి ఉంది.

"ఏవండీ, ఇంజను పెట్టుకుని నిద్రేమిటి? పెట్రోలు ఊరికే వస్తోందా? అదిగో టీ, చల్లారిపోతోంది."

"ఎక్కు," అన్నాడు.

"ఎక్కడికి?"

"సముద్రం దాకా. యామినిగారు వచ్చేలోపు తిరిగొద్దాం."

"దుకాణం వదిలేసి షికారా! ఒంట్లో బాగానే ఉందా మీకు?" అంటూనే ఇందుమతి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆ కిందికున్న సీట్లో ఇబ్బందిగా దిగబడింది. పాటకి చెవి ఒగ్గి, మొహం చిట్లించి, అతను ఏమీ అడగకముందే అంది: "ఆ మోత కొంచెం తగ్గించండి."

పైడిశెట్టి స్టీరింగు కింద బుడిపె మీద చెయ్యి వేశాడు. డాష్‌బోర్డు మీద యాలకుల టీ ఇంజనూ బేసూ కలిసిన అదురుకి గాజు గ్లాసులో అడ్డదిడ్డంగా ఎగిరిపడుతోంది. అతను కొంచెం తిప్పాడు.

"ఇంకా," అంది ఇందుమతి.

ఇంకొంచెం తిప్పాడు. గ్లాసులో టీ సద్దుమణిగి, ఒకదాని లోపల ఒకటిగా సన్నని వలయాలై నిలిచింది.

"ఊఁ, చాలు."