బంటు పట్టెడ

దొర కరిచిన మూడో గుర్రం బావమరిది గుర్రం. అదీ అసలు తంటా. మొదటి రెండూ అద్దెకు తెచ్చినవి కాబట్టి, వాటి యజమానుల చేత నాలుగు చీవాట్లు తిని బండి మామ ఎలాగో బయటపడ్డాడు. సొంతవాళ్ళ దగ్గర ఆ సుఖం లేదు. పెళ్ళాం తమ్ముడితో గొడవపడ్డవాడికి ఇంట్లో కూడు కూడా చల్లగానే దొరుకుతుంది.

వాళ్ళది జోడుగుర్రాల బండి. ఎడమవైపు దొర, కుడివైపు బంటు. పేరుకే అది బంటు, పెత్తనమంతా దానిదే. అది అడుగేస్తే దొర అడుగేసేది, అది తాగితేగానీ దొర నీళ్ళలో మూతి పెట్టేది కాదు. చలికాలం మొదట్లో బంటు కడుపునొప్పితో చచ్చిపోయింది. అప్పట్నుంచీ కుడివైపు ఏ గుర్రం వచ్చినా దొర చెవులు వెనక్కి వాల్చి, పళ్ళు బయటపెట్టి మీద పడుతోంది. పోనీ ఒంటిగా కడదామంటే, కుడివైపే చూస్తూ నిలబడిపోతుంది తప్ప కదలదు. మనుషుల దగ్గర మాత్రం వెన్నముద్ద.

"ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు బావా," అన్నాడు బావమరిది, తన గుర్రం భుజం మీది గాటు చూపిస్తూ.

"ఇన్నేళ్ళు ఇమిడాయి కదరా!"

"ఆ రెండో కత్తి మట్టిలో ఉంది. రేపు మా ఆడగుర్రాన్ని తెస్తాను. అంత నెమ్మదైంది ఇంకోటి దొరకదు. దాన్నీ కరిచిందా, కబేళా లారీని పిలిపిస్తాను. బండిలో సగం నాది, గుర్తుంచుకో."

మామ ఆ పూట కూడు మానేసి లేచాడు. కొట్టంలోకి వెళ్ళి కూర్చుంటే, మేకుకి వేలాడుతున్న బంటు మెడపట్టెడ కళ్ళబడింది. తోలులో దాని చెమట వాసన ఇంకా పోలేదు.

"దాన్ని మోసం చేస్తావా ఏంటయ్యా?" అంది భార్య, సంగతి విని.

"మోసమైతేనేంటే, బతుకుతుంది కదా."

పొద్దున్నే ఆ పట్టెడ ఆడగుర్రం మెడకు వేసి కుడివైపు నిలబెట్టారు. దొర చెవులు వాల్చింది. మెడ చాచింది. అది పట్టెడను వాసన చూసింది, మళ్ళీ చూసింది. చెవులు మెల్లగా ముందుకొచ్చాయి. రోజూ పొద్దున బంటు కోసం చేసే చిన్న సకిలింపు దాని గొంతులోంచి వచ్చింది. గడ్డం పట్టెడ మీద ఆనించి కళ్ళు మూసుకుంది. మామకి ఏడుపు ఆగలేదు. బావమరిది కూడా నవ్వేశాడు. బండి కట్టి ఆవరణంతా ఒక చుట్టు తిప్పారు.

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. గేటు దగ్గర ఆడగుర్రం సకిలించింది. సన్నటి గొంతు. దొర ఉన్నచోటే ఆగిపోయింది. పట్టెడ వాసన చూసింది, ఆ ముఖం వాసన చూసింది. ఇదివరకు కరిచి వదిలేసేది. ఈసారి మెడ పట్టుకుని వదల్లేదు. ఎన్నడూ చెయ్యెత్తని మామ కర్ర తీసుకుని కొట్టాకగానీ వదల్లేదు. బావమరిది ఫోన్ తీశాడు.

మధ్యాహ్నం లారీ వచ్చింది. లారీ ఎక్కేందుకు వాల్చిన చెక్కపలక మీద దొర కాలు పెట్టనంది. ముందు నుంచి తాడుతో లాగారు, వెనక నుంచి నెట్టారు. చివరికి డ్రైవరు కర్ర తీశాడు.

"కొట్టకు బాబూ. పొద్దున నేను కొట్టింది చాలు," అన్నాడు మామ.

కొట్టంలోకి వెళ్ళి పట్టెడ తెచ్చాడు. భార్యకి అర్థమైపోయింది. "వద్దయ్యా, నీకు దణ్ణం పెడతాను," అంటూ చెయ్యి పట్టుకుంది. మామ చెయ్యి విడిపించుకుని లారీ ఎక్కి, లోపల కుడివైపు కమ్మీకి దాన్ని తగిలించాడు.

దొర ముక్కుపుటాలు కదిలాయి. చెవులు ముందుకొచ్చాయి. చిన్నగా సకిలించి, ఎవరూ లాగకుండానే పలక ఎక్కింది.

"ఇంత బుద్ధైన గుర్రాన్నా పొగరుబోతంటున్నారు?" అన్నాడు డ్రైవరు.

లోపల దొర కుడివైపు ఇంకో గుర్రానికి సరిపడా చోటు వదిలి, ఎడమపక్కకు ఒదిగి నిలబడింది. మామ కిందికి దిగి తలుపు గడియ తనే వేశాడు.