ఇవ్వని నరం

ఎర్మీనియో డాక్టరు జీపు దిగేసరికి అందరూ తొక్కుతున్నారు. జూన్ నెల, ఆ కొండల్లో గడ్డకట్టే చలికాలం. రాత్రంతా మంచులో పరిచిన బంగాళాదుంపలు ఎండ తగిలి మెత్తబడ్డాయి. వాటిని కుప్పలు పోసి, ఆడామగా వట్టి కాళ్ళతో ఎక్కి నీళ్ళు పిండుతున్నారు. తర్వాత ఎండబెడితే చూన్యో. ఏళ్ళ తరబడి పాడవదు.

ఆయన వచ్చిన పని వేరు. ఈ ఊళ్ళో ఒక వంశానికి కాళ్ళ నరాల జబ్బుంది. పిక్కలు సన్నబడతాయి. పాదం విల్లులా వంగి, వేళ్ళు పక్షి గోళ్ళలా ముడుచుకుంటాయి. మెల్లగా స్పర్శ పోతుంది. లా పాస్ నగరంలోని ఆస్పత్రిలో ఆయనకు పేరొచ్చింది ఈ జబ్బు మీదే. పరదేశాల సభల్లో మాట్లాడిందీ ఈ పాదాల గురించే. చీలమండ వెనక కోసి నరం ముక్క తీసుకుపోయేవాడు. ఆ వంశపు సాతుర్నీనా దగ్గర తీశాడు, ఆమె అన్న దగ్గర తీశాడు. ఇప్పుడు ఆమె కూతురు నియేవెస్ దగ్గర కావాలి. పిల్లకు జబ్బు ఇంకా పైకి కనబడలేదు. అలాంటి నరమే చూడాలని పరదేశం డాక్టర్లు తొందరపెడుతున్నారు.

"రండి డాక్టరయ్యా," అంది సాతుర్నీనా కుప్ప మీంచే. "పిల్ల ఒప్పుకుంది. నేనే ఒప్పుకోలేదింకా."

"చిన్న ముక్కమ్మా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"నాకూ అదే చెప్పారు. ఆ చీమ ఇంకా వదల్లేదు."

అందరూ నవ్వారు.

కుప్ప దగ్గరికొచ్చినవాడు ఎవడైనా సరే తొక్కి తీరాలి. ఊరకే నిలబడి చూస్తే దుంపలు కుళ్ళుతాయంటారు. అందుకే ఆయన ఇన్నేళ్ళూ ఈ నెలలో రాకుండా చూసుకున్నాడు.

సాతుర్నీనా మేనమామ సిప్రియానో, ముసలాయన, కోకా ఆకు బుగ్గన సర్దుకుని, "బూట్లు విప్పండయ్యా," అన్నాడు.

"జలుబు చేసింది పెద్దాయనా."

"జలుబు ముక్కుకి గదా. కాళ్ళకేమొచ్చింది?"

"బూట్లు కాళ్ళలోకి వేళ్ళూనుకున్నాయేమో మామయ్యా, పీకినా రావు," అన్నారెవరో వెనకనుంచి.

సాతుర్నీనా ఈసారి నవ్వలేదు. "మా కాళ్ళు ఎన్నిసార్లు చూపించమన్నారు! ఫొటోలు తీయించారు. ఆ వేళ మా అన్న ఏడ్చాడు కూడా. ఒక్క కుప్ప తొక్కండి. తొక్కితే పిల్లను పంపుతాను."

వెళ్ళిపోవచ్చు. జీపు అక్కడే ఉంది. కానీ ఆయనకు ఆ నరం కావాలి. గట్టు మీద కూర్చుని బూట్లు విప్పి, మేజోళ్ళతోనే ఎక్కబోయాడు. ముసలాయన అడ్డం నిలబడ్డాడు. అవీ విప్పాడు.

పాదాలు విల్లులా వంగి, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. ముసలాయన వంగి చూశాడు.

"ఇవి మా అక్క కాళ్ళు," అన్నాడు. "లియొకాదియా కాళ్ళు. ఒరే, నువ్వు దాని కొడుకువా?"

డాక్టరు తలూపాడు.

తల్లిది ఈ వంశమేనని, తనకూ ఈ జబ్బుందని చదువుకునే రోజుల నుంచీ ఆయనకు తెలుసు. మొదటిసారి వచ్చినప్పుడు ఇదే ముసలాయన, గనుల వైపు వెళ్ళిన మా అక్క పిల్లాజెల్లా లేకుండానే పోయుంటుంది అంటే, అలాగా అని రాసుకున్నవాడు ఈ డాక్టరే.

"నీ నరం తీయించావా?" అంది సాతుర్నీనా. మీరు అనడం అక్కడితో పోయింది.

"లేదు."

"ఏం?"

సభల్లో ఏమడిగినా జవాబుకి తడుముకునేవాడు కాదు. ఇక్కడ నిజం తప్ప ఏదీ నోటికి రాలేదు.

"తీస్తే ఆ మేర స్పర్శ పోతుంది. నాకింకా కొంచెం మిగిలుంది."

"మాకు మిగలకనా తీశావు?"

కుప్ప పక్కన కూర్చున్న నియేవెస్ తన పాదాలు లంగా కిందికి లాక్కుంది. ముసలాయన మొహం కొండవైపు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండును అనుకున్నాడు డాక్టరు.

"నేను మాట తప్పను," అంది సాతుర్నీనా. "తొక్కు. తొక్కి పిల్లను తీసుకుపో."

"పిల్లను పంపొద్దు."

"మరింక తొక్కడమెందుకు?"

"కుప్ప దగ్గరికొచ్చాను గదా."

ఎక్కాడు. పాదం నిలవలేదు, తూలాడు. సాతుర్నీనా చెయ్యి చాచింది. పట్టుకున్నాడు గానీ ఆమె మొహం చూడలేకపోయాడు. కిందికి చూస్తూ తొక్కాడు. దుంపల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. కొంతచోట చల్లగా తెలుస్తోంది, కొంతచోట తెలియడం లేదు.

"ఆగు," అంది సాతుర్నీనా. "వేలు తెగింది. రక్తం చూడు, దుంపలన్నీ ఎరుపు. తెలీలేదూ?"

తెలిసిందనబోయాడు. నోటిదాకా వచ్చింది.

"తెలీలేదక్కా," అన్నాడు.

ఆమె తన శాలువ అంచు చింపి, వంగి, ఆయన పాదం పట్టుకుంది. ఎరుపైన దుంపల్ని నియేవెస్ ఏరి పక్కన పడేస్తోంది.