బావమరిది ట్రంకుపెట్టె

గవర్నర్‌పేటలో వాళ్ల చర్చిలో ఈస్టరు పాట పదకొండేళ్లుగా లాజరుదే. పాట చివర ఒక రాగం ఉంది. నిండా గాలి పీల్చుకుని అరనిమిషం నిలబెట్టాలి. పండగ నాలుగు రోజులుందనగా, గాలి పీల్చగానే కుడి డొక్కలో సూదితో పొడిచినట్టయింది. మెల్లగా పీలిస్తే నొప్పి లేదు. మెల్లగా పీలిస్తే పాటా లేదు.

"గ్యాసండీ. కాస్త వాము నమలండి," అంది పక్కింటి రత్తమ్మ. నమిలాడు. వాము తేన్పులొచ్చాయి గానీ నొప్పి పోలేదు.

"గుండేనండీ," అన్నాడు ఆఫీసులో హెడ్‌క్లర్కు రామకోటేశ్వరరావు, ఎంతో ఆప్యాయంగా.

"నొప్పి కుడివైపండీ."

"మా తోడల్లుడికీ మొదట్లో అటేనండీ."

ఆ తోడల్లుడు ఇప్పుడెలా ఉన్నాడని అడిగే ధైర్యం లాజరుకి లేకపోయింది.

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు, డొక్క నొక్కాడు. "ఊపిరితిత్తుల పొర వాచినా, నెమ్ము చేసినా ఇలాగే ఉంటుంది. గుండె కూడా చూశాను. అవేం కాదు. పక్కటెముకల మధ్య కండ బెణికింది. బరువేమన్నా లాగారా?"

లేదన్నాడు లాజరు. వెంట వచ్చిన భార్య రూతు ఊరుకోలేదు.

"లేదంటారేంటండీ! మా తమ్ముడి ట్రంకుపెట్టె లాగలా?"

తమ్ముడు జాన్‌బాబు కంకిపాడు నుంచి వచ్చి పన్నెండు రోజులున్నాడు. రోజూ స్నానం చేస్తూ పాడేవాడు, బావకంటే బాగా. సోమవారం ఎట్టకేలకు బయల్దేరితే, లాజరు మర్యాద కోసం రిక్షాలోంచి పెట్టె దింపబోయాడు. "ఈస్టరు దాకా ఉండవయ్యా!" "పనులున్నాయి బావగారూ!" అని అతను అటు లాగాడు. మూడుసార్లు లాగి వదిలెయ్యాలి, అదీ పద్ధతి. వీధంతా చూస్తోందని లాజరు నాలుగోసారి కూడా లాగాడు.

"వారం రోజులు పాడకండి," అన్నాడు డాక్టరు.

రూతు పుట్టింటికి కబురు పంపింది. శనివారానికి జాన్‌బాబు పెట్టెతో సహా దిగాడు. ఆదివారం పాట అతనే పాడాడు. అరనిమిషం రాగాన్ని ముప్పావు నిమిషం నిలబెట్టాడు. జనం ఆమేన్ అనడం మరిచిపోయారు.

మర్నాడు పొద్దున్నే రిక్షా వచ్చింది. లాజరు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బరువులు లాగకూడదు కదా. అంతలో పాస్టరుగారు సైకిలు పడేసి పరుగున వచ్చి పెట్టె పట్టుకున్నారు.

"ఎక్కడికయ్యా? ఇక్కడే ఏదో ఒక పని చూస్తాను, ఉండిపో!"

ఆయనది మర్యాద లాగుడు కాదు. మూడు దాటింది. ఐదు దాటింది. జాన్‌బాబు పట్టు సడలుతోంది.

లాజరు ఒక్క దూకు దూకి, పెట్టెకి రెండో కడియం పట్టుకుని రిక్షాలోకి ఈడ్చాడు. బావమరిదిని కూడా ఎక్కించాడు. నిండా గాలి పీల్చుకుని, "పోనీవయ్యా!" అని రిక్షా అతని మీద అరిచాడు. ఆ 'యా' అరనిమిషం నిలబడింది.

నొప్పి, పాపం, రిక్షా మలుపు తిరిగేదాకా ఆగింది.