పొడుగు పిడి

మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక స్వరాజ్యం వంటింటి నేల మీద ముగ్గుపిండితో కాఫీ మిషిను గీసేది. నిలువుగా ఒక ఇత్తడి గొట్టం, లోపల బిగుతుగా దిగే కడ్డీ, దాన్ని నొక్కడానికి పైన ఒక పిడి. వీధిలో భర్త చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, తడిగుడ్డతో తుడిచేసేది. దొంగతనం చేసినట్టు అనిపించేది. ఏం దొంగిలించిందని? తీరిక. ఆ ఇంట్లో కోడలికి తనదంటూ తీరిక లేదు మరి.

అసలు కోరిక భర్త జగదీశ్వర్‌దే. సిద్దిపేటలో ఇంటింటికీ గ్యాసు ఇంకా రాని రోజులు. కిరోసిన్ స్టవ్వులు, పంపులు అమ్మే దుకాణం ఆయనది. పట్నంలో ఎవరి పెళ్లిలోనో ఆవిరి మిషిను కాఫీ తాగొచ్చి, "గసొంటి నురుగు కాఫీ ఇంట్ల చేయరాదా? పొద్దస్తమానం వంటింట్లనే ఉంటవ్ గద" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నవే ఆమె మనసులో దిగబడి ఉండిపోయేవి.

ఆవిరి లేకుండా, చేతి బలంతోనే మరిగిన నీళ్లను కాఫీపొడిలోంచి నెట్టాలి. దుకాణంలో మూలన పడ్డ పంపు గొట్టం అడిగి తెచ్చుకుంది. పొడి మరీ మెత్తగా ఉంటే నీళ్లు దిగవు, బరకగా ఉంటే రంగునీళ్లే కారతాయి. పారబోసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు పాలు పొంగిపోయాయి. "చదువుకున్నదాన్ని జేసుకుంటే గిట్లనే ఉంటది" అన్నాడాయన. ఇంకోరోజు కూతురు జడ లేకుండా ఏడుస్తూ బడికి పోయింది. ఇన్ని తప్పులు చేస్తూ కూడా మళ్లీ మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఎదురుచూడడమే ఆమెకు అన్నిటికన్నా పెద్ద తప్పుగా తోచేది. ఎందుకంటే ఆ పని ఆమెకు ఇష్టంగా ఉంది.

చివరికి దారి చూపింది వాడకట్టు బోరింగు. బిందెతో వరుసలో నిలబడి చూసింది. బక్కపల్చటి పిల్ల పిడి చివర పట్టుకుని ఊగుతుంటే నీళ్లు దబదబా పడుతున్నాయి. అదే పిడిని మధ్యలో పట్టుకుంటే పెద్దవాళ్లకైనా కదలదు. అంతే, తన మిషినుకున్న జానెడు పిడి తీసేసి మూరెడు పిడి చేయించింది. వేళ్లతో వంచితే చాలు, తేనె రంగు నురుగుతో కాఫీ దిగింది.

జగదీశ్వర్ ఆ కాఫీ తాగి, మర్నాడే పెద్ద వ్యాపారి రామేశ్వర్ శేఠ్‌ను ఇంటికి తీసుకొచ్చాడు. ముందుగదిలో భర్త గొంతు వంటింటిదాకా వినిపిస్తోంది.

"డిజైను నాదే శేఠ్. దుకాణంల పెట్టి అమ్ముదామనుకుంటున్న."

స్వరాజ్యానికి కోపం రావాలి. రాలేదు. పారబోసిన పొడి, పొంగిన పాలు గుర్తొచ్చాయి. పోనీలే, చేసిన తప్పులకు ఈ మాత్రం శిక్ష ఉండాల్సిందే అనుకుంది.

పక్కనే అత్త రాధాబాయి శేఠ్ కోసం మురుకులు వత్తుతోంది. రెండు చేతులతో పట్టి ఒంట్లో బలమంతా పెట్టి నొక్కే కర్ర గొట్టం అది. కాపురానికొచ్చినప్పటి నుంచీ వత్తి వత్తి ఆమె మణికట్లు వాచిపోయాయి. ఒక వాయి కాగానే ఆగి, కొంగుతో చెయ్యి అదుముకుంది. ఊరికే మిషిను పిడిని ఒక్క వేలితో వంచి చూసింది. అది మెత్తగా దిగింది.

"గింత అల్కగున్నదా?" అంది. తర్వాత ఎవరినీ తప్పుపట్టని గొంతుతో, "గిసొంటి పిడి మురుకుల గొట్టానికి ఉంటే నా చేతులు గిట్ల గాకపోవు గద బిడ్డా" అంది.

స్వరాజ్యం గ్లాసు కింద పెట్టి ఆ చేతులకేసి చూసింది. ఆయన నవ్వుతూ ఒక్క మాటంటే నెలల తరబడి నేలంతా ముగ్గుపిండి పోసింది. ఈ చేతులు పెళ్లయిననాటి నుంచీ కళ్లముందే ఉన్నాయి. ఆవిడ అడగలేదు, తను చూడలేదు. పొంగిన పాలకు ఇన్నాళ్లు కుమిలిపోయింది గానీ, సిగ్గుపడాల్సింది ఇందుకు.

"కాఫీ అయిందా? శేఠ్ ఎదురుచూస్తుండు!" ముందుగదిలోంచి కేక.

పిడిని పట్టి ఉంచేది ఒక్క ఇనుప సీలే. స్వరాజ్యం దాన్ని లాగేసింది. మురుకుల గొట్టం కడిగి పీట మీద నిలబెట్టి, పిడిని పక్కన ఆనించి, ఎక్కడ బెజ్జం పడాలో బొగ్గుతో గుర్తు పెట్టింది.

"అత్తమ్మా, మీ చెయ్యి గీడ పెట్టుండ్రి. ఎంత పొడుగు గావాల్నో చూస్త."

కేక మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె శేఠ్‌కు కూడా వినపడేలా జవాబిచ్చింది.

"పిడి ఊడబీకిన. డిజైను మీదే గదా, అది లేకుంట కాఫీ ఎట్ల దిగుతదో శేఠ్‌కు మీరే చెప్పుండ్రి."