దొరగారికి దూది కోటు

వెనక గదిలోంచి టక్కుమనే చప్పుడు రావడం లేదు.

ముందుగదిలో మిషన్ కుడుతున్న అత్తగారికి ఆ సంగతి తట్టడానికి కాస్త సమయం పట్టింది. అల్లుడి బల్లి ఉండే గాజుపెట్టెకి ఒక థర్మోస్టాట్ ఉంది. లోపల వేడి సరిపోగానే టక్కుమని హీటరును ఆపుతుంది, చల్లబడగానే మళ్లీ టక్కుమని మొదలుపెడుతుంది. పొద్దున్న పెట్టెకి కోటు తొడిగినప్పటినుంచీ ఒక్క టక్కు లేదు.

ఆ కోటు కథ కరెంటు బిల్లుతో మొదలైంది.

“మన ముగ్గురి ఖర్చు ఒక ఎత్తు, దొరగారి ఖర్చు ఒక ఎత్తు,” అంది కూతురు బిల్లు ఊపుతూ. మందుల దుకాణంలో పనిచేసే మనిషి, ఏదీ మోతాదు మించితే సహించదు. “వచ్చే బిల్లు కూడా ఇలాగే వస్తే వీణ్ణి ఎవరికైనా ఇచ్చేద్దాం. మీ ఆఫీసులో ఎవరో అడిగారన్నారుగా?”

లిఫ్టులు బాగుచేసే అల్లుడు వెనక గదివైపు చూశాడు. ఆ ఎడారి బల్లి పెళ్లికి ముందునుంచీ అతనితోనే ఉంది. ఈ ఇంటికొచ్చిన రోజున అతని చేతిలో సూట్‌కేసు, చంకలో గాజుపెట్టె. “ఒక్క అల్లుడనుకుంటే ఇద్దరొచ్చారేంటే!” అని అత్తగారు గుమ్మంలోనే ముక్కున వేలేసుకుంది. గడ్డం కింద ముళ్లు ఉబ్బించి దర్జాగా చూస్తుందని దానికి దొర అని పేరు పెట్టిందీ ఆవిడే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు భుజానెక్కించుకుని గౌన్లు కుట్టేదీ ఆవిడే. నలుగురిలో మాత్రం “ఛీ, బల్లి” అంటుంది.

దొరని పంపించేస్తారనేసరికి ఆవిడ ఆలోచనలో పడింది. గాజు వేడిని నిలవనివ్వదు. మరి మనిషికి చలేస్తే ఏం చేస్తాం? గుట్టుగా పెట్టె కొలతలు తీసి, దూది కూరి కోటు కుట్టింది. ఇద్దరూ పనులకి వెళ్లగానే పైనుంచి కిందిదాకా తొడిగింది. అతికినట్టు సరిపోయింది గానీ, ఒక మూల ఉబ్బింది. పెట్టెలోంచి బయటికొచ్చే సన్నటి వైరు కుట్టుని ఎత్తిపట్టింది. ముడత పడ్డ గౌనుని గుమ్మం దాటనివ్వని చెయ్యి ఊరుకుంటుందా? వైరు బయటికి లాగి, దాని చివరనున్న గింజలాంటిదాన్ని కోటు మీద పిన్నుతో అణిచిపెట్టింది. కోటు నున్నగా కూర్చుంది.

ఆ గింజే సెన్సరు. లోపల ఎంత వేడుందో థర్మోస్టాట్‌కి చెప్పేది అదే. ఇప్పుడది చల్లటి గదిలో కూర్చుని చలి, చలి అని చెబుతోంది. లోపల హీటరు ఆగకుండా కాలుతోంది.

ఇదేదీ అత్తగారికి తెలియదు. చప్పుడు లేదని మాత్రమే తెలుసు. అంతలో ముక్కు ఇంకోటి చెప్పింది. ఇస్త్రీ పెట్టె కింద బట్ట మాడబోయే ముందు వచ్చే వాసన!

కుర్చీ వెనక్కి పడింది. ఆవిడ పరుగెత్తింది. హీటరు పక్కన కోటు అంచు గోధుమరంగుకి తిరిగింది. ప్లగ్గు పీకింది. కోటు లాగి అవతల పారేసింది. పెట్టె తలుపు తీస్తే మొహానికి సెగ కొట్టింది. దొర దూరపు మూల గాజుకి అతుక్కుని, నోరు బార్లా తెరిచి రొప్పుతోంది.

“నాయనా, చంపేశానురా నిన్ను!”

గుండెలకి హత్తుకుని అల్లుడికి ఫోన్ చేసింది. కలవలేదు. లిఫ్టు గోతిలో దిగితే సిగ్నలుండదు. మళ్లీ మళ్లీ చేసింది. మళ్లీ అంతే. ఫ్రిజ్‌లో ఐసు ఉందని గుర్తొచ్చింది. తలుపు తీసి చెయ్యి పెట్టబోతుండగా ఫోన్ మోగింది.

“అత్తయ్యా, ఏంటి అన్నిసార్లు చేశారు?”

“దొర ఉడికిపోయాడు బాబూ! ఐసు పెడుతున్నా!”

“ఐసొద్దు! వద్దత్తయ్యా! ప్లగ్గు పీకారా?”

“ముందే పీకా.”

“అమ్మయ్య. మామూలు నీళ్లతో గుడ్డ తడిపి దాని మీద పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పొయ్యకండి. వస్తున్నా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. మీరు ముందు ఏడుపాపండి.”

“బల్లి కోసం ఎవరేడుస్తారు?” అని ముక్కు చీదింది.

అల్లుడు గ్రీజు చేతులతోనే వచ్చాడు. అప్పటికి దొర నోరు మూసి, ఆవిడ ఒళ్లో ఒక కన్ను తెరిచి చూస్తోంది. డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, గండం గడిచిందన్నాడు.

ఇంటికొచ్చాక అల్లుడు పిన్ను కింద సెన్సరుని చూశాడు.

“ఇదెవరు పెట్టారు?”

“కుట్టు ఉబ్బుతోందని... నేనే.”

అతను నేలమీద కూలబడి నవ్వాడు. “తప్పు నాదత్తయ్యా. సెన్సరుని లోపలే కదలకుండా బిగించాల్సింది. వేడి హద్దు దాటితే కరెంటు కోసేసే రెండో థర్మోస్టాట్ విడిగా ఉండాల్సింది. తాడు తెగినా ఆపే బ్రేకు లేని లిఫ్టులో మనిషిని ఎక్కనివ్వను. వీణ్ణి మాత్రం ఒక్క తాడు మీద వేలాడదీశాను.”

సాయంత్రం కూతురు వచ్చేసరికి అత్తగారే ఎదురెళ్లింది. “వీణ్ణి ఇచ్చెయ్యండే. నా చేతుల్లో చస్తాడు.”

కూతురు అంతా విని, మాడిన కోటుని తిప్పి చూసింది. “ఎందుకు కుట్టావమ్మా ఇది?”

“బిల్లు తగ్గుతుందని.”

“బిల్లు కోసమైతే దీనికి కుచ్చుల కాలరెందుకు?”

అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది. కూతురు పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. “సరే. వచ్చే బిల్లు దాకా ఆగుదాం.”

అల్లుడు రెండో థర్మోస్టాట్ తెచ్చి బిగించాడు. హీటరు చుట్టూ జాలీ కట్టాడు. గాలి ఆడేలా పైభాగం వదిలేసి, వెనకా పక్కలా మాత్రం బయటినుంచి కార్కు పలకలు అంటించాడు. “ఆలోచన మీదే. గాజులోంచి బయటికి పోయే వేడికే ఇన్నాళ్లూ డబ్బు కట్టాం,” అన్నాడు. టక్కుకీ టక్కుకీ మధ్య ఎడం పెరిగింది. అత్తగారు కుడుతూ వింటూనే ఉంది.

బిల్లు వచ్చింది. కూతురు నిలబడే చదివింది.

“తగ్గింది,” అంది. “కానీ నేననుకున్నంత కాదు.”

కూతురు వెనక గదిలోకి వెళ్లింది. ఇద్దరూ ఆమె వెంట నడిచారు. ఆమె పెట్టె ముందు గొంతుక్కూర్చుని గాజు మీద అరచెయ్యి ఆనించింది. లోపలినుంచి దొర వచ్చి ఆ చేతికి ఎదురుగా గడ్డం ఆనించింది. కూతురు చెయ్యి తియ్యలేదు.

“వేడంతా ఇటునుంచే పోతోందమ్మా. రాత్రిపూట వెయ్యడానికి ఇక్కడో తెర కుట్టు. కుచ్చులు పెట్టినా ఏమీ అనను.”

“మీ ఆయన చూసి, హీటరుకి దూరంగా ఉంటుందని చెబితేనే సూదిలో దారం ఎక్కిస్తా,” అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ.

అల్లుడు అప్పటికే కొలతల టేపు కోసం పరుగెత్తాడు.