జైపూర్ ఆటోకు ఇరవై నిమిషాలు

నా పేరు మార్కు. యాభై ఒక్కటి దాటినయి. గోదావరిఖనిల ఓపెన్‌కాస్టు గని కాడ మట్టి ఎత్తే ఒక కాంట్రాక్టు కంపెనీల కంప్యూటర్ మనిషిని. హాజరు ప్రోగ్రాం నేనే రాసిన, విజువల్ బేసిక్‌ల, ఇరవై రెండేండ్ల కింద. డంపర్లు మారినయి, మేనేజర్లు మారిండ్రు, నా ప్రోగ్రాం ఒక్కనాడు గూడ పండుకోలే. గసొంటిదాన్ని పట్టుకొని భూపాల్ సారు వచ్చిన మొదటి రోజే "లెగసీ" అన్నడు. డిక్షనరీల ఆ మాటకు మంచి అర్థమే ఉంది గని, ఆయన నోట్ల అది తిట్టే.

భూపాల్ సారు హెడ్డాఫీసు నుంచి వచ్చిండు. ముప్పై నాలుగేండ్లు ఉంటయేమో. నన్ను పిలిచి కూసోమని కూడ అనలే.

"మార్కు గారూ, ఇకమీదట అంతా వెబ్. రెస్ట్ ఏపీఐ, జేసన్, జేడబ్ల్యూటీ, సీఐ సీడీ. మీకు మూడు వారాలు టైం. మూడో శనివారం హాజరు పేజీ మీరే కట్టి డెమో ఇవ్వాలి. రాకపోతే ప్రాబ్లం లేదు, డీజిల్ బంకులో రిజిస్టర్ రాసే మనిషి కావాలి."

"సార్, జేడబ్ల్యూటీ అంటే ఏంది?"

"గూగుల్ చేయండి," అన్నడు ఫోన్ చూసుకుంట.

ఈయనకు గూడ తెల్వదేమో అని నాకు అప్పుడే డౌటొచ్చింది. కానీ కుర్చీ పొయ్యేది నాది, ఆయనది కాదు.

ఇంటికొచ్చి వీడియోలు చూసుడు షురూ చేసిన. సిగ్గు ఎందుకు, ఏడ్పొచ్చింది. ఇన్నేండ్లు బటన్ పెట్టి, దాని వెనక నాలుగు లైన్లు రాస్తే పని అయిపాయె. ఇప్పుడు బటన్ పెట్టాలంటే ముందుగాల పదకొండు ఇన్‌స్టాల్ చెయ్యాలె, ఒక్కోదానికి మూడక్షరాల పేరు. ఆ మూడక్షరాలను విప్పితే లోపల ఇంకో మూడక్షరాలు. క్యాలెండర్ వెనక రాసుకుంట పోయిన, నవంబర్ కాడికి వచ్చేసరికి జనవరిల రాసింది మర్సిపోయిన.

మా ఆమె ఫెబా ఆ క్యాలెండర్ చూసి, నాకు చెప్పకుంటనే ప్రార్థన కూటంల నా పేరు మీద చీటీ ఇచ్చింది. పాస్టరయ్య కండ్లు మూసుకొని, "ప్రభువా, నీ దాసుడు మార్కును ఏపీఐ నుంచి, జేసన్ నుంచి, సీఎస్ఎస్ నుంచి స్వస్థపరచుము," అన్నడు. బయటికొచ్చినంక ఒక ముసలామె నా చెయ్యి పట్టుకొని, కరీంనగర్ల మంచి డాక్టరున్నడు బిడ్డా అని చెప్పింది. ఫెబా మీద కోపమొచ్చింది గని, నిజం చెప్పాలంటే రోగం గసొంటిదే.

వీడియోల పిల్లగాడు ఏపీఐ అంటే హోటల్ల వెయిటర్ అని చెప్తుండు. మా బస్టాండు కాడి హోటల్ల వెయిటరే లేడు. మనమే టోకెన్ తీసుకొని, మనమే ఇడ్లీ తెచ్చుకొని, మనమే ప్లేటు కడిగే తొట్టిల ఏస్తం. గా లెక్కన ఏపీఐ నేనే. మూడు రోజులు అండ్లనే తిరిగిన.

ఆఖరికి మా నాయిన యాదికొచ్చిండు. ఆయన బొగ్గు బాయి మీద, మనుషులను లోపలికి దించే లిఫ్టు కాడ గంట కొట్టే డ్యూటీ చేసెటోడు. ఒక్క గంటకు ఆగుడు, రెండు గంటలకు దించుడు, మూడు గంటలకు మనుషులెక్కిండ్రని. ఇంజన్ నడిపెటోడు నాయిన మొఖం చూడడు, ముచ్చట పెట్టడు. గంట ఇంటడు, పని చేస్తడు. ఓరి దీనమ్మ, ఏపీఐ అంటే గింతేనా అనుకున్న. ఆ దినం నుంచి పని సాగింది.

డెమో నాలుగు రోజులుందనంగ లింగమూర్తి వచ్చి నా బల్ల కాడ నిలబడ్డడు. గోదావరి అవతల జైపూర్ దిక్కు నుంచి వచ్చే డంపర్ ఆపరేటర్.

"అన్నా, కొత్తదాంట్ల మన ఇరవై ఉంటదా?"

ఆ ఇరవై ముచ్చట మా ఇద్దరికే ఎరుక. షిఫ్టు పొద్దుగాల ఏడింటికి. జైపూర్ షేర్ ఆటో పది మంది నిండందే కదలదు, వంతెన దాటి గేటు కాడికి వచ్చేసరికి ఏడుంబావు. రాత్రి షిఫ్టోడు మాత్రం బదులు మనిషి ఎక్కందే డంపర్ దిగడు. ఇయ్యాల నీ కోసం నేను ఆగుత, రేపు నా కోసం నువ్వు ఆగు, అంతే. బండి ఆగదు, మట్టి ఆగదు. కాగితం మీద మాత్రం లేటు, సగం డ్యూటీ కట్. అందుకనే ఇరవై రెండేండ్ల కింద ఎవల్నీ అడగకుంట ప్రోగ్రాంల ఒక్క లైను పెట్టిన: ఏడు ఇరవై దాకా వచ్చినోడు ఏడింటికే వచ్చినట్టు.

"చూస్త తియ్," అన్న. పెడితే దొరుకుత, తీస్తే అరవై మంది డ్యూటీ నా చేతుల మీద పోతది. నాకు మస్తు భయమైంది. శుక్రవారం పొద్దంత ఆ లైను తీసుడు, పెట్టుడు, తీసుడు. పొద్దుగూకే యాల్లకు పెట్టి, కంప్యూటర్ బంద్ చేసి లేసిన.

శనివారం డెమో. హెడ్డాఫీసు పెద్ద సార్లు ముగ్గురు వీడియో కాల్ల కూసున్నరు. నా పేజీ తెరుచుకుంది, పేర్లొచ్చినయి, బటన్ నొక్కితే పని చేసింది. భూపాల్ సారు మొఖంల కొంచెం నిరాశ గూడ కనబడ్డది. అప్పుడు ఆయన స్క్రీన్ మీద వేలు పెట్టిండు.

"ఆగండి. గేటు మిషన్ డేటా ప్రకారం అరవై ముగ్గురు లేట్. మీ పేజీలో ఒక్కరూ లేరు. ఏంటిది?"

తప్పైంది సార్, తీసేస్త అంటే కుర్చీ ఉంటది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది గూడ. గా యాల్లనే కిటికీల నుంచి లింగమూర్తి కనబడ్డడు. షిఫ్టుల ఉండాల్సినోడు, బండిని ఎవలకో అప్పజెప్పి వచ్చి నిలబడ్డడు.

"అది జేఎస్ఏ, సార్," అన్న.

"ఏంటి?"

"జేఎస్ఏ. హాజరు డేటాకు అది లేకపోతే తప్పుడు లేట్లు వస్తయి. లెగసీల గూడ ఉండె."

వీడియోల సార్లు ముగ్గురు భూపాల్ సారు దిక్కు చూసిండ్రు. ఆయన నా మొఖం చూసిండు. అడిగితే చెప్పెటోన్నే, ఒట్టు. మూడు అక్షరాలను విప్పి ఆయన ముందర పెట్టెటోన్ని.

"ఆఁ, జేఎస్ఏ," అన్నడు భూపాల్ సారు కుర్చీల సర్దుకొని. "అది స్టాండర్డే సార్. నేనే పెట్టమన్నాను."

పెద్ద సారు తల ఊపి, అన్ని సైట్లల్ల గూడ అదే పెట్టుండ్రి అన్నడు.

నేను బయటికొచ్చిన. లింగమూర్తి దగ్గరికొచ్చిండు.

"పాసైనవా అన్నా?"

"అయిన."

"మరి మా జైపూర్ షేర్ ఆటో?"

"నాకంటే ముందు అదే పాసైంది," అన్న. "నువ్వు పో, నీ బదులు ఆగినోడు ఇంటికి పోవాలె."